గాయాలు దాచని ప్రభువు

(ఈస్టరు తరువాతి ఆదివారం సాయంత్రం తెలుగు సంఘాల యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

సరిగ్గా వారం క్రితం తెల్లవారుజామున మనమందరం ఎక్కడున్నాం? సమాధుల తోటలో ఉన్నాం. ముందు రోజే గడ్డి పీకి, సమాధులకు సున్నం వేశాం. చీకటి ఉండగానే కొవ్వొత్తులు వెలిగించి, ప్రభువు లేచాడని ఒకరికొకరం చెప్పుకున్నాం. మన తాతలు నెల్లూరు నుంచో, చిత్తూరు నుంచో, పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో బయలుదేరి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నవి చాలా తక్కువ. ఒక బైబిలు, ఒక పాటల పుస్తకం, ఇలాంటి నాలుగు ఆచారాలు. ఇప్పుడు మన పిల్లలు కన్నడంలో, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో చదువుకుంటున్నారు. ఇంట్లో మాట్లాడే తెలుగులో కూడా సగం ఆ మాటలే. అయినా ఈస్టరునాడు సమాధి దగ్గర కొవ్వొత్తి పెట్టడం మాత్రం మానలేదు.

అలాంటి ఒక తోటలో, ఒక సమాధి దగ్గర ఒక తల్లి కూర్చుని ఉంటుంది. అందరూ పాటలు పాడి, టీ తాగి, ఇళ్లకు వెళ్లిపోయాక కూడా కూర్చుని ఉంటుంది. ఈ సాయంత్రం మా మాటలు ఆమె దగ్గరే మొదలవుతాయి. ఆమె పేరు చెప్పము. ఊరూ చెప్పము. మీలో చాలామందికి అలాంటి తల్లి ఒకరు తెలుసు.

ఆమె కొడుకుకు అప్పుడు ఇరవై నాలుగేళ్లు. పారిశుద్ధ్య కార్మికుల కాలనీలో పుట్టి పెరిగినవాడు. కొన్నేళ్ల క్రితం ఒక కాంట్రాక్టరు పిలిస్తే, ఒక అపార్టుమెంటు సెప్టిక్ ట్యాంకులోకి దిగాడు. నడుముకు తాడు, చేతిలో బకెట్టు, అంతే. మళ్లీ పైకి రాలేదు. అతన్ని లాగబోయి దిగిన మరో కుర్రవాడు కూడా రాలేదు. ఆ ట్యాంకుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు చేరుతుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు వాసన పట్టే శక్తినే కోల్పోతుంది. మనిషి ప్రమాదం పోయిందనుకుంటాడు. రెండు మూడు ఊపిరుల్లో కుప్పకూలిపోతాడు. అందుకే ఇలాంటి వార్తల్లో తరచుగా ఇద్దరు, ముగ్గురు ఒకేసారి పోతారు. రెండోవాడు కూలి కోసం దిగినవాడు కాదు, స్నేహితుడి కోసం దిగినవాడు.

సమాధి చేసిన మూడో రోజు మేము ఆ ఇంటికి వెళ్లాం. సంఘ పెద్దలు కొందరు, మా సంస్థవారం కొందరం. అప్పటికే కాంట్రాక్టరు మనిషి వచ్చి కొంత డబ్బు, ఒక కాగితం పెట్టి వెళ్లాడు. సంతకం చేస్తే కేసు ఉండదు. మాలో ఒకరు మెల్లగా అన్నారు: "అమ్మా, మన ప్రభువు సిలువ మీద శత్రువులను క్షమించాడు గదా. నువ్వూ క్షమించేయమ్మా. మనసు తేలికవుతుంది."

ఆమె తల ఎత్తి చూసింది. "అయ్యగారూ, నా బిడ్డను గుంటలో దింపినవాళ్లు నా గడప తొక్కారా? తప్పయిందమ్మా అని ఒక్కరైనా అన్నారా? అసలు తప్పే జరగలేదని కదా ఈ కాగితంలో రాసుంది. జరగని తప్పును నేనెట్లా క్షమించేది?"

మా దగ్గర జవాబు లేదు. ప్రార్థన చేసి వచ్చేశాం. నిజం చెప్పాలంటే, ఆ ప్రార్థన ఆమె కోసం చేసింది కాదు. అక్కడి నుంచి లేచి రావడానికి మాకొక దారి కావాలి కాబట్టి చేశాం. ఆ తరువాత ఆమె ప్రశ్నతోనే మేము బైబిలు చదువుతూ వచ్చాం. అలా నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఏ మాట దగ్గర ఉన్నాం?

మంచి శుక్రవారం నాడు సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు ధ్యానించడం మన సంఘాల్లో ఆనవాయితీ. ఏడుగురు ప్రసంగీకులు, మూడు గంటల ఆరాధన. మొదటి మాట క్షమాపణ. తనను మేకులతో కొడుతున్నవారిని క్షమించమని ఆయన తండ్రిని వేడుకున్నాడు. నాలుగో మాట కేక. తండ్రి తనను ఎందుకు విడిచిపెట్టాడని ఆయన బిగ్గరగా అడిగాడు.

ఈ రెండూ ఒకే నోట వచ్చాయి. ఒకే సిలువ మీద వచ్చాయి. మొదటి మాట అన్నవాడు నాలుగో మాట అనకూడదని ఎవరూ ఆయన నోరు మూయలేదు. నాలుగో మాట అన్నందుకు ఆయన విశ్వాసం తక్కువదని మనమెవరమూ అనము. మరి ఆ తల్లి నాలుగో మాట దగ్గర ఉన్నప్పుడు, మేము వెళ్లి ఆమెను చెయ్యి పట్టుకుని మొదటి మాట దగ్గరకు ఎందుకు లాగాం? ఆమె కేక వినడం మాకు కష్టంగా ఉంది కాబట్టి. ఆమె క్షమించేస్తే మాకు తేలికవుతుంది కాబట్టి.

మొదటి మాటనే ఇంకొకసారి జాగ్రత్తగా చూడండి. ఆ మాట ఎవరు పలికారు? గాయపడినవాడే పలికాడు. సిలువ కింద నిలబడిన శతాధిపతి ఆయనకు ఆ మాట నేర్పలేదు. ప్రధాన యాజకులు వచ్చి, క్షమించేయి, గొడవ వద్దు అని సలహా ఇవ్వలేదు. క్షమాపణ గాయపడినవారి చేతిలో ఉండే అధికారం. పక్కన నిలబడినవారు దాన్ని వారి చేతిలో నుంచి లాక్కుని పంచిపెట్టకూడదు. ఇంకొక సంగతి. ఆ ప్రార్థనలోనే అక్కడ జరుగుతున్నది పాపమని ఒప్పుదల ఉంది. పాపం లేకపోతే క్షమించమని అడగడం ఎందుకు? ప్రభువు జరిగినదానికి ప్రమాదమని పేరు పెట్టలేదు. ఆ తల్లి మాకు చెప్పిందీ అదే. తప్పును తప్పని ఒప్పుకోని చోట క్షమాపణకు నిలబడే నేల లేదు.

మరి ఆ ఇంట్లో మేము ఏ మాట దగ్గర నిలబడి ఉండాల్సింది? మూడో మాట దగ్గర. సిలువ దగ్గర నిలిచిన తల్లిని ప్రభువు ఒక శిష్యుడికి అప్పగించాడు. యోహాను సువార్త 19వ అధ్యాయం చదవండి. ఆ గడియ నుంచి ఆ శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడని ఉంది. ఆమెకు అతడు బోధ చేసినట్టు ఎక్కడా లేదు. కొడుకును పోగొట్టుకున్న తల్లి పట్ల సంఘం చేయవలసిన మొదటి పని ఆమె బరువును తన ఇంటి బరువుగా ఎత్తుకోవడం. రేషను, అద్దె, చిన్న పిల్లల ఫీజు, పోలీసు స్టేషనుకు తోడు వెళ్లడం. ప్రసంగం తరువాత చేయవచ్చు.

మనోహర్‌పూర్ రాత్రి

అయితే క్రైస్తవులం క్షమించనక్కర లేదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. అడగాలి కూడా. ఒడిశాలో ఉన్న మన తెలుగు సంఘాలకు బాగా తెలిసిన ఒక సంగతి చెబుతాం. చిన్నవారు దీన్ని విని ఉండకపోవచ్చు.

గ్రహాం స్టెయిన్స్ 1965లో ఆస్ట్రేలియా నుంచి ఒడిశా వచ్చారు. మయూర్‌భంజ్ జిల్లా బారిపదలో కుష్ఠు రోగుల మధ్య మూడు దశాబ్దాలకు పైగా పని చేశారు. 1999 జనవరి 22 రాత్రి కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, చలికి తట్టుకోలేక జీపులోనే నిద్రపోతున్నారు. పక్కన ఇద్దరు కొడుకులు. ఫిలిప్‌కు పదేళ్లు, తిమోతికి ఆరేళ్లు. ఒక గుంపు వచ్చి ఆ జీపుకు నిప్పు పెట్టింది. ముగ్గురూ కాలిపోయారు.

ఆయన భార్య గ్లాడిస్, కూతురు ఎస్తేరు మిగిలారు. భర్తను, బిడ్డలను చంపినవారిని క్షమిస్తున్నానని గ్లాడిస్ దేశమంతా వినేలా చెప్పారు. మూటాముల్లె సర్దుకుని వెంటనే వెళ్లిపోలేదు. 2004 వరకు ఒడిశాలోనే ఉండి ఆ రోగుల సేవ కొనసాగించారు. 2005లో ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

ఈ కథను మనం ప్రసంగాల్లో చాలాసార్లు చెప్పుకున్నాం. కానీ సగమే చెప్పుకున్నాం. ఆమె క్షమించారు కాబట్టి కేసు మూసేయలేదు. న్యాయమూర్తితో విచారణ సంఘం వేశారు. సీబీఐ దర్యాప్తు చేసింది. 2003లో కింది కోర్టు ప్రధాన నిందితుడికి మరణశిక్ష వేసింది. 2005లో ఒడిశా హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఆ యావజ్జీవాన్నే ఖాయం చేసింది. ఆమె క్షమాపణ, దేశపు చట్టం, రెండూ పక్కపక్కనే నడిచాయి. ఆమె పగను వదిలారు. సత్యాన్ని వదలలేదు. పగ తీర్చుకోవడం దేవుని పని అని అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక 12వ అధ్యాయంలో చెప్పి, వెంటనే 13వ అధ్యాయంలో తప్పు చేసినవాడికి శిక్ష విధించే పని అధికారులదని రాశాడు. మధ్యలో అధ్యాయం సంఖ్య పెట్టింది మనుషులు. పౌలు ఒక్క ఊపిరిలో రాశాడు.

ఇప్పుడు ఈ ఇద్దరు స్త్రీలను పక్కపక్కన నిలబెట్టి చూడండి. గ్లాడిస్ అమ్మగారి క్షమాపణ వెనుక దేశమంతా ఒప్పుకున్న ఒక సత్యం ఉంది. జరిగింది హత్య అని ఎవరూ కాదనలేకపోయారు. మన కాలనీ తల్లికి ఆ మాత్రం కూడా దక్కలేదు. ఆమె కొడుకు మరణం మరునాడు పేపరులో నాలుగు లైన్లు. స్టేషనులో ప్రమాదమని రాసుకున్నారు. అటువంటి ఆమె ముందుకు వెళ్లి, చూడమ్మా, ఆ తెల్లదొరసాని ఎంత గొప్పగా క్షమించిందో అని అంటే, ఒక పరిశుద్ధురాలి క్షమాపణను ఇంకొక తల్లి వీపున కొట్టే కర్రగా వాడినట్టే. గ్లాడిస్ అమ్మగారి జీవితం మనకు సాక్ష్యం. ఇంకొకరిని కొలిచే బద్ద కాదు.

ప్రోనోటు చింపిన సిలువ

ఇక క్రీస్తు విజయం సంగతి. కొలస్సయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం 13 నుంచి 15 వచనాలు ఇంటికి వెళ్లాక మెల్లగా చదవండి. క్షమాపణ, విజయం అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. దేవుడు మన అపరాధాలను క్షమించాడు. మనకు విరోధంగా ఉన్న ఋణపత్రాన్ని సిలువకు మేకులతో కొట్టేశాడు. ప్రధానులను, అధికారులను నిరాయుధులుగా చేసి, అందరూ చూస్తుండగా వారి బండారం బయటపెట్టాడు.

ఋణపత్రమంటే ఏమిటో మన తాతలకు ఎవరూ వివరించనక్కర లేదు. ఊరి నుంచి బయలుదేరేటప్పుడు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు వేలిముద్ర వేసిన ప్రోనోటు అది. ఎన్నేళ్లు పనిచేసినా అందులో అంకె తగ్గదు. తండ్రి పోతే కొడుకు పేరున తిరగరాస్తారు. పౌలు చెబుతున్నాడు: అలాంటి కాగితం ఒకటి మనందరి మీదా ఉండేది, క్రీస్తు దాన్ని చెల్లని కాగితం చేశాడు.

ప్రధానులు, అధికారులు ఎవరు? ఆకాశంలో తిరిగే దురాత్మలు మాత్రమే అనుకుని మనం తప్పించుకుంటాం. ఒక బిడ్డ ఏ కులంలో పుట్టాడో చూసి వాడు ఏ గుంటలో దిగాలో ముందే నిర్ణయించే శక్తి దురాత్మ కాదా? మా నాన్న మున్సిపాలిటీలో తోటి పని చేస్తాడని కాలేజీలో చెప్పుకోలేక, ఇంటి అడ్రసు దాచుకుని, స్నేహితులను వీధి మొదట్లోనే ఆపేసే సిగ్గు ఉంది చూశారా, అది ఆ శక్తి చేతిలోని ఆయుధం. యవ్వనస్థులారా, క్రీస్తు విజయమంటే ఆ ఆయుధం ఆమె చేతిలో, అతని చేతిలో, మీ చేతిలో ఇక పనిచేయకపోవడం. ఆ సిగ్గు మీది కాదు. ఆ పని చేయించినవారిది. మీ తల్లిదండ్రులు ఊరిని శుభ్రం చేశారు. ఊరు వారిని అపవిత్రులన్నది. ఇందులో ఎవరు తలదించుకోవాలి?

కర్ణాటకలో ఉన్న మనకు కోలారు బంగారు గనులు కొత్త కాదు. లోపల నుంచి బంగారం తీసిన కార్మికుల కాలనీల్లో పైన పొడి మరుగుదొడ్లు ఉండేవి. వాటిని చేతులతో ఎత్తినవారిలో మన తెలుగువారు ఎందరో. అలాంటి పారిశుద్ధ్య కార్మికుల కుటుంబంలో 1966లో బెజవాడ విల్సన్ పుట్టారు. పెద్దయ్యాక ఆ పనిని దగ్గర నుంచి చూసి అక్కడే కూలబడి ఏడ్చానని ఆయన చెబుతుంటారు. ఆ ఏడుపు నాలుగో మాట. అక్కడితో ఆగలేదు. తోటివారితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ కట్టారు. ఎన్నో ఊళ్లలో స్త్రీలు మలం మోసిన బుట్టలను నడివీధిలో తగలబెట్టారు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం వచ్చాయి. ఆ ఉద్యమం 2003లో వేసిన కేసులోనే 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 1993 నుంచి మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలన్నది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది.

ఆ బుట్టలు తగలబడినప్పుడు అక్కడ ఎవరైనా బైబిలు చదివారో లేదో మాకు ముఖ్యం కాదు. ఋణపత్రం చెల్లదని తేలినవాళ్లు ఎలా నడుస్తారో ఆ స్త్రీల నడకలో కనిపిస్తుంది.

తోమా ఏం చూశాడు?

ఈ ఆదివారం చాలా సంఘాల్లో తోమా గురించి చదువుతారు. తలుపులు వేసుకుని శిష్యులు భయపడుతూ ఉన్న గదిలోకి ప్రభువు వచ్చాడు. సమాధానం కలగాలని పలికాడు. పలికి ఏం చేశాడు? చేతులూ, ప్రక్కా చూపించాడు. ఎనిమిది రోజుల తరువాత తోమాకు మళ్లీ చూపించాడు.

మరణాన్ని జయించిన శరీరానికి మేకుల గుర్తులు ఎందుకు? దేవుడు తలచుకుంటే మచ్చ లేకుండా లేపలేడా? లేపగలడు. కానీ లేపలేదు. ప్రకటన గ్రంథం 5వ అధ్యాయంలో సింహాసనం దగ్గర నిలిచిన గొర్రెపిల్ల కూడా వధించబడినట్టే కనబడుతుంది. అంటే పరలోకంలో కూడా ఆ గాయం దాచలేదు. మన ప్రభువు విజయం గాయాన్ని చెరిపేసిన విజయం కాదు. గాయం ఇక చంపలేదని చూపిన విజయం.

మన నిరీక్షణ ఇక్కడే ఉంది. బాధలో ఉన్నవారితో, అంతా మంచికే, మరచిపో, దేవుడు ఏదో ఉద్దేశంతో చేశాడు అని చెప్పడం నిరీక్షణ కాదు. ఆ బిడ్డను దేవుడు ట్యాంకులోకి దింపలేదు. ఒక కాంట్రాక్టరు దింపాడు. హేబెలు రక్తం నేల నుంచి మొరపెడితే విన్న దేవుడు, కాంక్రీటు మూత కింద నుంచి వచ్చే మొర కూడా వింటాడు. దేవుడు ఆ మొర పక్షాన ఉన్నాడు, ఆ మొరకు చివరి జవాబు మరణం కాదు, పునరుత్థానం అనేదే మన నిరీక్షణ.

సఫాయి కర్మచారి ఆందోళన్ 2015 చివర మొదలుపెట్టి 2016 ఏప్రిల్ దాకా 125 రోజులు దేశమంతా భీమ్ యాత్ర చేసింది. మమ్మల్ని చంపడం ఆపండి అన్నదే వారి నినాదం. చేతులు చాపి గాయాలు చూపించడమంటే ఇదే. చూసినప్పుడే కదా తోమా నమ్మాడు. మన దేశం కూడా ఈ గాయాలు చూడాలి. చూడకుండా మారదు.

మన గుడి వెనుక

ఇంతవరకూ కాంట్రాక్టరును నిలబెట్టి మాట్లాడాం. ఇప్పుడు మా వైపు తిరగాలి.

ఆ తల్లి ఇంటి నుంచి వచ్చిన కొన్ని నెలలకు మా కార్యవర్గంలో లెక్కలు చూస్తుంటే ఒక చిన్న రసీదు కనబడింది. గుడి వెనుక సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేయించినందుకు ఇద్దరు మనుషులకు కూలి. యంత్రం రాలేదు. మనుషులే దిగారు. ఎవరు పిలిచారు? మేమే. క్రిస్మస్‌కు ముందు, గుడి శుభ్రంగా ఉండాలని. వారు బ్రతికి పైకి వచ్చారు. అది మా గొప్ప కాదు. ఆ రోజు వారికి ఏమైనా జరిగి ఉంటే మేమూ ఒక కాగితం పట్టుకుని ఇంకో తల్లి గుమ్మంలో నిలబడేవాళ్లం.

ఆ రసీదు బల్ల మీద పెట్టుకుని చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. క్షమించేవారి వరుసలో నిలబడి బోధించిన మేము, క్షమాపణ అడగాల్సినవారి వరుసలోకి వచ్చాం. అప్పుడు జక్కయ్య గుర్తొచ్చాడు. ప్రభువు అతని ఇంటికి వెళ్లినప్పుడు, జక్కయ్య కళ్లనీళ్లు పెట్టుకుని ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అప్పుడే కదా ఆ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పాడు. ఆ ఇద్దరు పనివాళ్ల ఇళ్లకు వెళ్లి, తప్పు చేశామని చెప్పాం. ఒకాయన నవ్వి, "పర్లేదండీ, అందరూ అట్లాగే పిలుస్తారు" అన్నాడు. ఆ మాట ఏ తిట్టుకన్నా మాకు ఎక్కువ తగిలింది. ఇంకొకాయన ఏమీ అనలేదు. ఆయన క్షమించాడో లేదో మాకు తెలియదు. అడిగే హక్కూ మాకు లేదు.

అందుకే ఈ కూడిక నుంచి కొన్ని నిర్ణయాలు తీసుకుని వెళ్దాం. మీ గుడికి, మీ ఇంటికి, మీ హాస్టలుకు, మీరు ఉండే అపార్టుమెంటుకు సెప్టిక్ ట్యాంకు ఉంటే, దాంట్లోకి మనిషిని దింపనివ్వకండి. రక్షణ పరికరాలు లేకుండా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా పడవచ్చు. పీల్చే యంత్రం ఉన్న లారీని పిలవండి. ఖర్చు ఎక్కువైతే కానుక పెట్టెలో నుంచి ఇవ్వండి. అంతకన్నా పరిశుద్ధమైన ఖర్చు లేదు.

ఎక్కడైనా మరణం జరిగితే మొదటి రోజే వెళ్లండి. ఎఫ్ఐఆర్ రాయించండి. పోస్టుమార్టం లేకుండా సమాధి చేయనివ్వకండి. ఖాళీ కాగితం మీద, రాజీ కాగితం మీద సంతకం పెట్టనివ్వకండి. దళితులతో ఈ పని చేయించడం 2015 సవరణ తరువాత అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా నేరమే. చదువుకున్న యవ్వనస్థులారా, ఆ తల్లి పక్కన కూర్చుని దరఖాస్తు రాసే చెయ్యి మీదే కావాలి. కన్నడంలో రాయాలన్నా, తమిళంలో రాయాలన్నా, మరాఠీలో రాయాలన్నా మీకు వచ్చు. మన పెద్దలకు రాని భాష మీకు దేవుడు ఊరకే ఇవ్వలేదు.

చివరి మాట

ఆ తల్లి సంతకం పెట్టలేదు. మేము రెండోసారి వెళ్లినప్పుడు బైబిలు కాక ఒక వకీలును వెంటబెట్టుకుని వెళ్లాం. అంటే బైబిలు వదిలేశామని కాదు, ఆ రోజు దాన్ని ఆ రకంగా చదివాం. ఆఫీసుల చుట్టూ తిరగడానికి మూడేళ్లు పట్టింది. చివరికి 10 లక్షలు వచ్చాయి. ఇంకో కొడుకు ఆ పనిలోకి వెళ్లలేదు, ఐటీఐలో చేరాడు. కేసు ఇంకా నడుస్తోంది.

మొన్న ఈస్టరు తెల్లవారుజామున ఆ సమాధి దగ్గర మేమూ ఆగాం. అందరూ వెళ్లాక కూడా కూర్చున్నాం. క్షమాపణ గురించి మేము ఎత్తలేదు. ఆమే ఎత్తింది. "క్షమించానో లేదో నాకు తెలియదయ్యగారూ. మునుపు ఆ కాంట్రాక్టరు బజారులో కనబడితే ఒళ్లంతా వణికేది. రాత్రి నిద్ర ఉండేది కాదు. ఇప్పుడు నిద్ర పడుతోంది. వాడికి కూడా పిల్లలున్నారని మొన్న గుర్తొచ్చింది. కోర్టులో మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాను."

మేమైతే ఆ మాటల్లో ఖాళీ సమాధిని చూశాం. ఆమెకు ఆ మాట ఎవరూ నేర్పలేదు. ఆమెను ఎవరూ తొందరపెట్టలేదు. నాలుగో మాట దగ్గర ఆమె ఎంతకాలం ఉండాలో అంతకాలం ఉండనిచ్చాం. ప్రభువు అక్కడే ఆమెతో ఉన్నాడు. అక్కడి నుంచి ఆమెను నడిపించుకు వస్తున్నది ఆయనే.

మీలో కొందరు ఈ సాయంత్రం నాలుగో మాట దగ్గర కూర్చుని ఉండవచ్చు. అన్నను పోగొట్టుకున్నవారు ఉండవచ్చు. కులం పేరుతో తరగతిలో మాట పడినవారు, ఇంట్లోనే దెబ్బలు తిన్నవారు ఉండవచ్చు. మిమ్మల్ని మేము తొందరపెట్టం. మీ కేక ప్రభువుకు కొత్త కాదు, ఆయనా అదే కేక వేశాడు. అయితే ఒక్క సంగతి మరచిపోవద్దు. ఆ కేక వేసినవాడే మూడో దినాన గాయాలతో లేచి, తలుపులు వేసిన గదిలోకి వచ్చాడు. మీ గదిలోకీ వస్తాడు.

ప్రార్థన చేద్దాం. ప్రభువా, గాయాలు దాచని దేవా, మా గాయాలు చూపించే ధైర్యం మాకివ్వు. మేము చేసిన గాయాలను ఒప్పుకునే తగ్గింపు మాకివ్వు. గుంటల్లో పోయిన మా బిడ్డలను నీ చేతుల్లో ఉంచుకో. వారి తల్లులను మా ఇళ్లలో చేర్చుకునే మనసు మాకివ్వు. పగ మమ్మల్ని ఏలకుండా, భయం మా నోరు మూయకుండా కాపాడు. నీ విజయంలో మమ్మల్ని నడిపించు. ఆమేన్.